కాబోలు ప్రోటీన్

పెళ్ళిచూపుల్లో రాఘవేంద్ర అడిగిన మొదటి ప్రశ్న భాగ్యశ్రీ పరిశోధన గురించే. అతను పెనుకొండలో జువాలజీ లెక్చరర్. ఆమె ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల, బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తోంది.

"గొర్రెలకు పిడుదులు కరిస్తే ఒక జ్వరమొస్తుంది కదా. రక్తకణంలో దూరి ఆ జ్వరం తెప్పించే ఏకకణ జీవి మీద పని," అంది. "దాని పైపొరలో వాకిళ్ళలాంటి ప్రోటీన్లుంటాయి. నాది చక్కెరను లోపలికి తీసుకుపోయే ప్రోటీన్... కాబోలు."

"కాబోలా?"

"జన్యువును చూసి కంప్యూటర్ వేసిన అంచనా. ఇంకా ఎవరూ రుజువు చేయలేదు."

ఆమె తండ్రి వెంకటస్వామి నవ్వాపుకోలేకపోయాడు. "నాలుగేండ్లాయె సామీ! అది వాకిలో గోడో ఇంకా తెలీలేదంట. నేను చీర నేసి, ఇది చీర కాబోలు అంటే షావుకారు గడప తొక్కనిస్తాడా?"

రాఘవేంద్ర మాత్రం నవ్వలేదు. "అయితే నన్ను కూడా అట్లే రాసుకోండి. పెండ్లికొడుకు కాబోలు అని," అన్నాడు గంభీరంగా. భాగ్యశ్రీ నవ్వు బయటపడకుండా పెదవి కొరుక్కుంది.

ఆ తర్వాత సాయంత్రాలు ఫోన్లు మొదలయ్యాయి. "ఏమంటాండాది మీ కాబోలు?" అని అతను అడిగేవాడు. "మీ పిల్లోళ్ళు ఈ పొద్దన్నా మేలుకోని పాఠం విన్నారా?" అని ఆమె అడిగేది.

ఒకరోజు ఆమె ఎదురు ప్రశ్న వేయకుండా ప్రయోగం సంగతి ఎత్తింది. సొంతంగా చక్కెర తీసుకోలేని ఈస్ట్‌లో ఆ జన్యువును పెట్టి, చక్కెర మీద పెంచి చూసింది. ప్రోటీన్ నిజంగా చక్కెర వాకిలైతే ఈస్ట్ పెరగాలి. ఎన్నిసార్లు చేసినా ప్లేట్లు ఖాళీగానే ఉన్నాయి.

నోటిదాకా వచ్చిన ఎగతాళిని అతను మింగేశాడు. "నువ్వు చెప్పు, వింటాండా," అన్నాడు. నువ్వు అని పిలవడం అదే మొదలు.

ఆమె చెప్పుకుంటూ పోయింది. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగింది. కంప్యూటర్ చక్కెర అంది కాబట్టి తను చక్కెరే పెట్టి చూసింది. కానీ ఆ జీవి డీఎన్ఏ తయారీకి కావాల్సిన అడినిన్‌ను సొంతంగా చేసుకోలేదు, గొర్రె రక్తంలోంచే లాక్కోవాలి. మరి అదెలా లోపలికి పోతోంది?

"ఉండు, నాకు పనుంది," అని ఫోన్ పెట్టేసింది.

ఈసారి అడినిన్‌ను చేసుకోలేని, లోపలికి తీసుకోలేని ఈస్ట్‌ను ఎంచుకుని అడినిన్ మీద పెంచింది. జన్యువు పెట్టిన ఈస్ట్ ప్లేటు నిండా చుక్కలు చుక్కలుగా పెరిగింది. పెట్టనిది ఖాళీగా ఉండిపోయింది. మళ్ళీ చేసినా అదే. అది చక్కెర వాకిలి కాదు, అడినిన్ వాకిలి. ఎప్పుడూ మొహం చిట్లించే గైడు కూడా బాగుందన్నారు.

ఆ శనివారం ధర్మవరం రైలెక్కి, మిగతా దూరం బస్సులో పోవచ్చని దారిలో హిందూపురంలోనే దిగేసింది. స్టేషన్ బయట రాఘవేంద్ర బైకు పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె ఫోన్లో ప్లేటు ఫోటో చూపించింది.

"ఏంది, ఇడ్లీపిండి చిందినట్లుండాది?"

"చూసే కండ్లుండాల. లెక్చరర్లకు యాడుంటాయి!"

హోటల్లో కాఫీ తాగుతుండగా వెంకటస్వామి ఫోన్ చేశాడు. "యాడుండావమ్మా?"

"హిందూపురంలో, నాయనా. బస్సు పోయింది."

అప్పటికి ఇంకో బస్సు కూడా పోయిన సంగతి మాత్రం చెప్పలేదు.