చీర దిగినంక

ఆ పొద్దు గద్వాల మీద మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు. నది దిక్కు నుంచి వీచే గాలి ఆ మబ్బునంతా తోలుకుపోతుంటే, సుగుణ రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది.

పక్కింటివాళ్ల ఫోనుకు ఆమె పుట్టినూరు మల్దకల్ నుంచి కబురొచ్చింది. తల్లి రామేశ్వరమ్మ నిన్నటి నుంచి గంజి కూడా మింగడం లేదట. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేస్తున్న భర్త హన్మంతుకు చెప్పింది. అతడు పోగుల నడుమ అటూ ఇటూ ఉరికే నాడె ఆపలేదు.

"చీర దిగినంక పోదువు తియ్యి," అన్నాడు, కోపంగా కూడా కాదు.

నేత పూర్తై చీర మగ్గం దిగేదాకా ఎవరూ కదలొద్దు, ఆ ఇంట్లో అది పాత మాట. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట అవతలి కొసన ఇంకో మనిషి చెయ్యి ఉండాలి. పెళ్లైన నాటి నుంచి ఆ చెయ్యి సుగుణది. చీరలు కొనే సేటు వచ్చి చీర విప్పి చూసి హన్మంతు పనితనాన్ని మెచ్చుకుంటాడు. ఆమె ఇద్దరికీ చాయ్ తెచ్చి పెడుతుంది. ఒక చీర దిగకముందే ఇంకో చీర పోగులు సిద్ధంగా ఉంటాయి. సుగుణ నాయిన పోయిన నాడు అత్త జములమ్మ కూడా ఈ మాటే అన్నది. చీర దిగాక సుగుణ మల్దకల్ చేరేసరికి శవాన్ని తీసుకుపోయి, వాకిలి ఊడ్చి నీళ్లు చల్లేశారు.

ఇప్పుడు జములమ్మ మతి వెనక్కి నడిచింది. ఏడాదిగా తన లెక్కలో ఆమె ఈ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు. సుగుణ ఆమె కంటికి ఎప్పుడో పోయిన తన అత్త. కొంగు తల మీదికి లాక్కుని, గోడ వారగా నిలబడి, కళ్లెత్తకుండా అడుగుతుంది.

"అత్తా, మా అమ్మకు పాణం బాలేదంట. చీర దిగిందా? జర పోయి చూసొస్త."

మొదటిసారి విన్ననాడు సుగుణ ఆ పాత మాటనే తిప్పి ఇచ్చింది. దిగలేదు, దిగినంక పో అన్నది. జములమ్మ తలొంచుకుంది. పోయి, నూలు లేని రాట్నాన్ని పొద్దుగూకేదాకా తిప్పింది. ఆ వంగిన వీపును చూసిన సుగుణకు ఆ పూట ముద్ద దిగలేదు. పగ తీర్చుకుందామంటే అక్కడ అత్త లేదు, సెలవడిగే కోడలే ఉంది. అప్పట్లో జములమ్మ తల్లి కూతురి కోసం చూసి చూసి పోయిందని వాడకట్టులో అందరూ అంటారు. జములమ్మ మాత్రం ఒక్కనాడూ నోరు విప్పలేదు. తనకు జరిగినదాన్ని లోపల దాచుకుని దాచుకుని, తీరా కోడలు వచ్చాక ఆమె చేతిలో పెట్టింది. రేపు తన కూతురు వర్షకు పెళ్లై ఇంకో ఇంటికి పోతే, లేదా ఈ ఇంటికే ఇంకొకతె కోడలిగా వస్తే, తాను మాత్రం ఏం పెడుతుంది?

ఈ పొద్దు కూడా జములమ్మ వచ్చి నిలబడింది. అదే అడిగింది.

సుగుణ కండె కింద పెట్టింది.

"పో బిడ్డా. ఒక్కదానివి ఎట్ల పోతవు, నేను గూడ వస్త."

అప్పుడు ఆగింది నాడె.

"ఏందే, సగం చీర ఇడిసిపెట్టి పోతవా? అవతల ఎవరు కూసోవాలె?"

"తెల్వదు," అన్నది సుగుణ. అత్త తల దువ్వి, కొప్పు వేసి, చేయి పట్టుకుని బస్సెక్కించింది.

మల్దకల్‌లో మంచం మీది మనిషిని జములమ్మ గుమ్మంలోంచే చాలాసేపు చూసింది. పోయి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది.

"అమ్మా, వాళ్లు పంపలే."

వియ్యపురాలు తనను అమ్మా అంటుంటే రామేశ్వరమ్మ కూతురి వైపు చూసింది. సుగుణ తలూపింది. కాసేపటికి రామేశ్వరమ్మ ఎముకలు తేలిన చేతిని జములమ్మ నెత్తి మీద పెట్టింది.

"వచ్చినవ్ గద బిడ్డా."

సుగుణ అన్నం మెత్తగా వండి, చారు కాచి, ఒకే పళ్లెంలో పెట్టుకొచ్చింది. జములమ్మ ముద్ద పిసికి రామేశ్వరమ్మ నోటికి అందించింది. ఆమె మింగింది. రెండో ముద్ద పట్టిన చేతిని జములమ్మ సుగుణ వైపు చాచింది. సుగుణ ఆ చేతిని చూసి, నోరు తెరిచింది. బజారులో గద్వాలకు పోయే బస్సు హారన్ కొట్టి, కాసేపు ఆగి, వెళ్లిపోయింది. ముగ్గురూ ఆ పళ్లెంలోనే తిన్నారు.