మూడో రిపేరు

"బెండకాయలు తుడిచి పెట్టినావా? ఎంతసేపు ఆ మోటరు పక్కన?" అని సుబ్బరత్నమ్మ వంటింట్లోంచి కేకేసేటప్పటికి, ఆమె కోడలు నాగమల్లేశ్వరి పెరట్లో సిమెంటు తొట్టి పక్కన గొంతుకూర్చుని ఉంది. నీళ్ళలో సగం మునిగి తిరుగుతున్న బోరు మోటరుకు స్క్రూడ్రైవరు కొస ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటోంది.

బెండకాయలు తుడవడమే కాదు, తరగడం కూడా అయింది. పొయ్యి మీద పప్పుంది. అత్తగారి మోకాళ్ళకు నూనె రాసింది, భర్త పుల్లారావుకు టిఫిను పెట్టింది, షాపు ముందు ఊడ్చి నీళ్ళు చల్లింది. పొద్దున ఇంకా తొమ్మిదన్నా కాలేదు. "వస్తాన్నా అత్తా. బేరింగు పోయింది దీంది. వైండింగు బాగానే ఉండాది," అంది.

ఆ బేరింగు మాట మోసుకుని పుల్లారావు ముందున్న షాపులోకి పోయి, చీటీ మీద 'బేరింగు' అని రాసి, కింద తన సంతకం గీకి మోటరుకు కడతాడు. ఇల్లు వెనక, షాపు ముందు. 'పుల్లారావు మోటార్స్, గిద్దలూరు' అని బోర్డు. కొమరోలు నుంచీ బేస్తవారిపేట నుంచీ కూడా ట్రాలీ ఆటోల్లో మోటార్లొస్తాయి. పుల్లారావు హస్తవాసి మంచిదని అందరూ అంటారు. హస్తమెవరిదో పెరట్లో తొట్టికి తెలుసు.

ఈ పని ఆమెకెలా అంటుకుందో చెబితే నవ్వొస్తుంది. పెళ్ళయిన కొత్తలో "విశాఖపట్నంలో ఏం పని చేసేదానివమ్మాయ్?" అని సుబ్బరత్నమ్మ అడిగింది. అది చెప్పకూడని పని. అణుశక్తితో నడిచే జలాంతర్గామికి ఉక్కు పొట్ట తయారుచేసే కంపెనీ. లోపలికి పోయేముందు ఫోను గేటు దగ్గరే ఇచ్చెయ్యాలి. లోపల కూడా దాన్ని పేరు పెట్టి పిలవరు, 'ప్రాజెక్టు' అంటారంతే. అందుకని ఆమె, "నీళ్ళల్లో మునిగి పనిచేసేదానికి అతుకులు పరీక్ష చేసేదాన్నత్తా," అని ఊరుకుంది. ఈ మెట్టనేలలో నీళ్ళల్లో మునిగి పనిచేసేది బోరు మోటరు తప్ప ఇంకేముంది? "మా కోడలు మోటార్ల కంపెనీలో చేసినాదంట," అని సుబ్బరత్నమ్మ వీధి వీధంతా చాటింది. పుల్లారావుకు అసలు సంగతి తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు. నెల తిరక్కుండానే మొదటి మోటరు పెరట్లోకొచ్చింది.

లోపలి పగులును వినడం ఆమెకు విశాఖపట్నంలో వచ్చిన విద్య కాదు, మార్కాపురంలోనే వచ్చింది. ఆమె నాయన చెన్నయ్య పలకల కార్ఖానాలో పలకలు ఏరేవాడు. వేలి కణుపుతో పలకను కొడితే ఖంగుమనాలి. బొదబొదమంటే లోపల పగులున్నట్టే, పక్కన పారెయ్యడమే. ఎండాకాలం సెలవుల్లో ఆమె నాయన పక్కనే కూర్చుని, రాతిపొడి జుట్టంతా పడి ముసలమ్మలా తయారై, వందల పలకలు కొట్టి చూసేది. "కంటికి అవుపించే పగులు ఎవురైనా చూస్తారు మల్లీ. అవుపించనిది చూడాల నువ్వు," అనేవాడు చెన్నయ్య. తర్వాత ఒంగోలులో పాలిటెక్నిక్, ఆ తర్వాత ధ్వనితో ఉక్కును పరీక్షించే కోర్సు. అరచేతిలో ఇమిడే పరికరాన్ని అతుకు మీద జరుపుతూ పోతే శబ్దం ఉక్కులోకి పోయి తిరిగొస్తుంది. లోపల పగులుంటే తెర మీద గీత పైకి లేస్తుంది. నాయన వేలి కణుపే కదా ఇది, కాస్త ఖరీదైన కణుపు, అనుకుంది.

విశాఖలో అంతా వెన్నపూసలా సాగిందని కాదు. వంపు తిరిగిన ఉక్కు లోపల ఒక పక్కకు పడుకుని, ఎండాకాలం ఆవిర్లలో, గంటలకు గంటలు తెర చూడాలి. ఆడవాళ్ళ బాత్రూము ఆ చివరెక్కడో ఉంటే, దానికి నడిచిపోయి వచ్చేలోగా "మేడమ్ షికారుకెళ్ళింది" అని జోకులు. "డ్రాయింగులు చూసుకుంటూ ఏసీలో కూర్చోక నీకెందుకమ్మా ఇది?" అని సలహాలు. ఒకసారి అందరికంటే సీనియరు వెల్డరు వేసిన అతుకులో గీత లేచింది. ఆమె పసుపు మార్కరుతో సున్నా చుట్టి రిజెక్ట్ అని రాసేసింది. ఫోర్‌మన్ మండిపడ్డాడు. "ఆయన సర్వీసంత లేదు నీ వయసు," అన్నాడు. గ్రైండరు పెట్టి తవ్వితే బియ్యపుగింజంత పగులు బయటపడింది. మర్నాడు ఆ వెల్డరు పలకరించలేదు గానీ, ఆమె పడుకునే చోట కేబులు అడ్డంగా ఉంటే తీసి పక్కన పెట్టాడు. ఆ రోజు ఎంత సంతోషపడిందో ఆమెకే తెలుసు. సముద్రం అడుగున తిరిగేదాన్ని ఎవరూ చూడరు, అందులో ఆమె చెయ్యి ఉందని ఎవరికీ తెలియదు. అయినా ప్రతి అతుకుకూ ఒక కాగితం ఉంటుంది, దాని కింద ఆమె సంతకం ఉంటుంది. ఈ ఇంట్లో ఆమె చేసే ఏ పని కిందా ఎవరూ సంతకం అడగలేదు.

విశాఖలో ఆమెకు పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే రెండు సంగతులు నూరిపోశాడు. చూడనిదానికి సంతకం పెట్టకు. రెండోది, ఒకే చోట పగిలితే రిపేరు రెండుసార్లే. తవ్వి, మళ్ళీ అతికి, మళ్ళీ చూడు. అదీ పగిలితే ఇంకోసారి. మూడోసారి కూడా అక్కడే పగిలితే ఇక అతకడాలు లేవు, ఆ ముక్క కోసి తీసెయ్యాల్సిందే. మాటిమాటికీ కాలిన ఉక్కు సత్తువ కోల్పోతుంది, దాన్ని నమ్మి మనుషుల్ని లోపల కూర్చోబెట్టకూడదు.

రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడే వాళ్ళ పెళ్ళి. పెళ్ళిచూపుల్లో పుల్లారావు, "ఆరు నెలలు ఇక్కడుండు, తర్వాత ఇద్దరం విశాఖ పోదాం, అక్కడే షాపు పెడతా," అని అందరి ముందూ అన్నాడు. ఆరు నెలలకు కంపెనీ పిలిచింది. పుల్లారావు నసిగాడు. చెన్నయ్య వచ్చి కూర్చున్నాడు, మాటలు జరిగాయి. "కొత్త రాష్ట్రం మామా, రాజధాని ఎక్కడొస్తాదో తేలనీ. తేలినాక మనమూ తేలుదాం," అన్నాడు పుల్లారావు. సరేనంది. రాజధాని ఎక్కడో తేలింది, షాపు మాత్రం కదల్లేదు. కంపెనీ రెండోసారి పిలిచేటప్పటికి సుబ్బరత్నమ్మ మోకాళ్ళ ఆపరేషన్. "అమ్మ లేచి నడిచినాక పోదువులే, నామీద ఒట్టు," అన్నాడు. సరేనంది. సుబ్బరత్నమ్మ లేచి నడిచింది, ఇప్పుడు రెండు వీధులవతలి చుట్టాలింటికి పోయి మధ్యాహ్నం దాకా కబుర్లు చెప్పి వస్తోంది. పుల్లారావు కొట్టడు, తిట్టడు, తాగడు. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆమె అదృష్టం ముచ్చటగా చెప్పుకుంటారు.

మూడో ఉత్తరం పది రోజుల కిందట వచ్చింది. వంపు అతుకులు చూడగలవాళ్ళు తక్కువని, సోమవారం వచ్చి కంటి పరీక్ష, పని పరీక్ష ఇచ్చిపొమ్మని, ఈలోగా పోలీసు విచారణ జరుగుతుందని. ఈసారి రాకపోతే ఇక పిలవమని కూడా రాశారు. పుల్లారావు చదివి, మడిచి, బిల్లుబుక్కు కింద పెట్టి, "చూద్దాంలే," అన్నాడు. ఆ "చూద్దాంలే"ని ఆమె స్క్రూడ్రైవరు పెట్టకుండానే విన్నది.

ఆ పొద్దున్నే, పప్పు దించుతుండగా, విచారణకు కానిస్టేబుల్ ఎజ్రా వచ్చాడు. షాపులో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. టీ పెడుతున్న నాగమల్లేశ్వరికి తలుపు అవతల మాటలన్నీ వినబడుతున్నాయి. ఆమె గురించి ఎజ్రా అడుగుతున్నాడు, పుల్లారావు చెబుతున్నాడు. పుట్టిన సంవత్సరం తప్పు చెప్పాడు. చదువు "ఏదో డిప్లొమా" అన్నాడు.

"రెండేళ్ళుగా ఏం చేస్తాంది?"

"ఏముంది సార్, ఇంట్లోనే. ఖాళీ."

టీ పొంగి పొయ్యి మీద పడింది. ఖాళీనా! తొట్టిలో తేలిన నూనెమరకలు, చేతులకెక్కిన గ్రీజు, ఈ రెండేళ్ళలో చెవిపెట్టి విన్న మోటార్లన్నీ ఖాళీ. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని టీ తీసుకుపోయింది.

పుల్లారావు ఒక కాగితం ముందుకు జరిపాడు. ఇంగ్లీషులో ముత్యాల్లాంటి అక్షరాలు. ఇంటి పరిస్థితుల దృష్ట్యా ఉద్యోగానికి సుముఖంగా లేనని ఆమె రాస్తున్నట్టు ఆయన రాశాడు. సంతకం చెయ్యాల్సిన చోట పెన్సిలుతో ఇంటూ మార్కు కూడా పెట్టి ఉంచాడు.

"పెట్టు. సారుకు టైమైతాంది," అన్నాడు.

ఆమె కాగితం చేతిలోకి తీసుకుని చదవసాగింది.

"ఏంది చదివేది? నేను రాసిందే గదా."

"చదవనీ అన్నా," అన్నాడు ఎజ్రా టీ ఊదుకుంటూ. "అది కంపెనీకి పోవాల్సిందిగానీ నాకు కాదు. ఆమె వద్దంటే నేనూ అట్లే రాస్తా. ఆమె చెప్పాల."

సరిగ్గా అప్పుడే షాపు ముందు ట్రాలీ ఆటో ఆగింది. కొమరోలు నుంచి రోశమ్మ, ఒంటరిగా రెండెకరాలు సేద్యం చేసుకునే మనిషి. మోటరు దించకముందే గొంతు లోపలికొచ్చింది. "మల్లీశ్వరమ్మా! పోయినసారి బేరింగన్నావు, బేరింగే. ఈసారి గుర్రుగుర్రుమంటాంది, చెవిపెట్టి చూడు తల్లీ. పుల్లన్నా, నువ్వు చీటీ రాద్దువులే, ముందు ఆమెను చూడనీ."

ఎజ్రా రోశమ్మ వంకా, పుల్లారావు వంకా చూశాడు. "ఖాళీ అంటివే అన్నా?"

"అదేదో సాయం సార్, ఇంట్లో మనిషి..." అన్నాడు పుల్లారావు.

"సాయమేంది! ఆమె లేకుంటే ఈ షాపుకొచ్చేదెవురు?" అంది రోశమ్మ. "ఏందమ్మా, యాడికన్నా పోతాన్నావా? పోతే మా మోటార్లెవురు చూస్తారు?"

పుల్లారావు ముఖం ఎర్రబడింది. నాగమల్లేశ్వరికి ఒక్కసారిగా అంతా తేటపడింది. రాజధానీ కాదు, మోకాళ్ళూ కాదు. రెండేళ్ళుగా తనను పట్టి ఆపింది ఈ చెవి, ఈ తొట్టి. ఖాళీ మనిషి కోసం ఇన్ని అబద్ధాలు ఎవరూ ఆడరు. కోపం రావాల్సిన చోట ఆమెకు ఎందుకో ఊపిరి తేలికగా ఆడింది.

బల్ల మీద, మోటార్లకు నంబర్లు వేసే పసుపు మార్కరుంది. ఆమె దాన్ని తీసి, కాగితంలో 'ఇంటి పరిస్థితుల దృష్ట్యా' అన్న ఇంగ్లీషు మాటల చుట్టూ సున్నా చుట్టింది. కింద పెద్ద అక్షరాలతో రిజెక్ట్ అని రాసింది. తారీఖు వేసి, తన సర్టిఫికెట్టు నంబరు వేసి, సంతకం పెట్టి పుల్లారావు చేతికిచ్చింది. నంబరు ఇంకా గుర్తుందని ఆమెకే ఆశ్చర్యమేసింది.

"రాసుకోండన్నా," అంది ఎజ్రాతో. "నేను పోతా. రెండేళ్ళుగా గిద్దలూరులో బోరు మోటార్లు పరీక్ష చేస్తాన్నా. పుట్టిన సంవత్సరం కూడా తప్పు పడింది, దిద్దుకోండి."

"బయటి సాక్షి కావాలమ్మా."

"ఇటియ్యి నాయనా," అని రోశమ్మ ఎజ్రా చేతిలోని విచారణ కాగితం లాక్కుని, నాలుక కొరుక్కుంటూ, ఒక్కో అక్షరం చెక్కినట్టు పేరు రాసింది.

ఎజ్రా వెళ్ళిపోయాక పుల్లారావు గొంతు తగ్గించాడు. "లోపలికి రా మల్లీ, మాట్లాడుకుందాం. ఏదో ఒకటి సర్దుకుందాం."

"రెండుసార్లు సర్దుకున్నాం. ఒకే చోట," అంది. "మూడోసారి అతకరు, కోసేస్తారు. ఆదివారం రైలుకు పోతాన్నా."

పుల్లారావు చేతిలోని కాగితం మీద పసుపు సున్నా వైపు చూశాడు. చివరికి, రెండేళ్ళలో మొదటిసారి, ఉన్న మాట అన్నాడు. "మరి మోటార్లు?"

ఆమె ఆయన్ను పెరట్లోకి పిలిచింది. రోశమ్మ మోటరు తొట్టిలోకి దించి, కరెంటు ఇచ్చి, స్క్రూడ్రైవరు చేతిలో పెట్టి, కొస ఎక్కడ ఆనించాలో చూపించింది. పుల్లారావు వంగి పిడి చెవికి పెట్టుకున్నాడు. మోటరు తిరుగుతోంది. కొసను అటూ ఇటూ జరిపి చూశాడు.

"నాకేం వినపడడంలేదే," అన్నాడు.

"తెలుసు," అంది నాగమల్లేశ్వరి. "ఆదివారం దాకా ఉంటాను. నేర్చుకోండి."