మీటరు కింద కుర్చీ

మొక్కలకు గాలి పెట్టడం నా ఉద్యోగం. అలా చెబితే జనం నవ్వుతున్నారని చెప్పడమే మానేశాను. కిటికీలు లేని గది, అర మీద అర, అరల నిండా సలాడ్ ఆకుల మొక్కలు, నెత్తిన దీపాలు. మూలన కార్బన్ డయాక్సైడు సిలిండరు. మనం ఊపిరితో బయటికి వదిలేసేదే మొక్కలకు తిండి. గదిలో అది ఎంతుందో గోడ మీది మీటరు చూపిస్తుంది. తగ్గితే సిలిండరు వాల్వు టక్కుమని తెరుచుకుంటుంది, చాలినంత అయ్యాక మూసుకుంటుంది. అది సరిగ్గా జరుగుతోందో లేదో కనిపెట్టుకుని ఉండాలి నేను.

గది మా చెల్లెలిది. మా ఆవిడ పోయాక, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుందని నన్ను లాక్కొచ్చి ఇక్కడ పడేసింది. ఇక్కడ చూసేదీ గోడలే అనుకోండి. కాకపోతే ఈ గోడకు మీటరుంది.

దాని కిందే నా కుర్చీ. చేరిన కొత్తలో ఓసారి ఎవరిమీదో విసుగొచ్చి పైకే ఏదో గొణుక్కున్నాను. మీటరులో అంకె గబగబా ఎక్కింది. నోరు మూసుకుంటే మెల్లగా దిగింది. మళ్ళీ మాట్లాడాను, మళ్ళీ ఎక్కింది. ఊ కొడుతున్నట్టే ఉంది.

మా ఆవిడ అలాగే ఊ కొట్టేది. నేను వాగుతుంటే తన పని తను చేసుకుంటూ, ఊ, ఊ అంటూ ఉండేది. వినడం లేదని అనుమానమొచ్చి, ఏం చెప్పానో చెప్పమని నిలదీసేవాణ్ణి. తలెత్తకుండానే పొల్లుపోకుండా అప్పజెప్పేది. ఇప్పుడు ఇంట్లో గొంతు చించుకున్నా పలికే దిక్కు లేదు.

అందుకని మధ్యాహ్నం తిండి కాగానే కుర్చీ వాల్చుకుని ఆవిడతో కబుర్లు మొదలుపెట్టేవాణ్ణి. పక్కింటివాడు కారు అడ్డంగా పెట్టిన సంగతి, చొక్కా గుండీ ఊడితే సూదిలో దారం ఎక్కించలేక నేను పడ్డ తంటాలు, అన్నీ చెప్పేవాణ్ణి. గాలిని గదంతా తిప్పడానికి పక్కన పెట్టిన చిన్న ఫ్యాను రొదకు నా మాట నాకే వినపడటం లేదని దాన్ని ఆపేశాను. అంకె ఎక్కుతూనే ఉండేది. నా ప్రాణానికి ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

ఇంతలో వెనక అరల్లో మొక్కలు గిడసబారడం మొదలైంది. నా కుర్చీ పక్కనున్న అర మాత్రం ఏపుగా పెరిగింది. నేను దగ్గరుండి చూసుకుంటున్నానుగా, ఆ మాత్రం ఉండదా అని మురిసిపోయాను. సిలిండరు ఎన్నాళ్ళకూ ఖాళీ కాకపోతే, అది నా పొదుపే అనుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను. మిగతా తప్పంతా విత్తనాలవాడి నెత్తిన రుద్ది, బయటికెళ్ళి వాడితో ఫోనులో పోట్లాడి కూడా వచ్చాను.

ఆకు కొనే హోటలువాళ్ళు రెండోసారి సరుకు తిప్పి పంపారు. చెల్లెలు వచ్చి వెనక అరలన్నీ చూసింది. చివరికి, ఈ పంటా ఇలాగే వస్తే గది మూసేస్తానంది. మూసేస్తే నేను మళ్ళీ ఆ ఇంటి గోడల దగ్గరికే పోవాలి. తప్పంతా మీటరుదేనని వాదించి, బాగుచేసే అమ్మాయిని పిలిపించాను.

ఆ అమ్మాయి వస్తూనే నా జుట్టు చూసి అంకుల్ అంది, దానికే నాకు చిర్రెత్తుకొచ్చింది. మీటరు విప్పింది, తుడిచింది, బిగించింది. నన్ను కాసేపు బయట నిలబడమంది. తలుపవతల నుంచే వినపడింది, టక్కు. కాసేపటికి ఇంకో టక్కు. లోపలికి పిలిచి, రోజూ కూర్చున్నట్టే కూర్చోమంది. కూర్చున్నాను. వాల్వు మరి పలకలేదు.

"మీటరు బాగానే ఉంది అంకుల్. అది గదిని కొలవడం లేదు, మిమ్మల్ని కొలుస్తోంది. మీ ఊపిరి చూసి గదంతా గ్యాసు నిండిపోయిందనుకుని వాల్వు తెరవడం లేదు," అంది. ఊరికే కూర్చుంటే ఇంత ఎక్కదనీ, ఇక్కడ ఎక్కువసేపు మాట్లాడతారా అనీ అడిగింది.

ఫోను వస్తుంటుందన్నాను.

పక్కనే నిలబడి ఉన్న చెల్లెలు నా వైపు చూసింది. "ఈ గదిలో సిగ్నలే రాదు కదన్నయ్యా."

నేను నేల చూపులు చూశాను. ఆ అమ్మాయి చటుక్కున తన సామాను సర్దుకోవడంలో పడింది. వెళ్ళేముందు చెల్లెలు సిలిండరు వైపు చూస్తూ, "మధ్యాహ్నం నేనూ ఒక్కదాన్నే తింటాను," అంది.

మీటరును తీసి గది నడుమ, అరల మధ్య వేలాడదీశారు. ఫ్యాను ఆపడానికి వీల్లేదన్నారు. వాల్వు మళ్ళీ వేళకు టక్కుమంటోంది. వెనక అరలు తేరుకున్నాయి, హోటలువాళ్ళు తిరిగొచ్చారు, గది నిలబడింది. నా ఉద్యోగమూ నిలబడింది. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాలి.

ఓ రోజు ఉండబట్టలేక పాత చోటే కూర్చుని ఆవిడను పలకరించాను. నా మాటను ఫ్యాను మింగేసింది. దూరంగా మీటరు వైపు చూశాను. అంకె కదల్లేదు. ఏడుపొచ్చింది. ఆవిడ పోయిన రోజు కూడా వచ్చినవాళ్ళ హడావిడిలో అంత ఏడుపు రాలేదు.

మర్నాడు కుర్చీ తీసుకెళ్ళి బయట మెట్ల దగ్గర వేసుకున్నాను. అక్కడ సిగ్నలొస్తుంది. తిన్నాక చెల్లెలికి ఫోను చేశాను. ఏం కావాలన్నయ్యా అంది. ఏమీ వద్దన్నాను. చొక్కా గుండీ సంగతి ఎత్తుకున్నాను. అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు, మధ్యమధ్యలో ఊ, ఊ. తను వినడం లేదని తెలుస్తూనే ఉంది. పాత బుద్ధి ఎక్కడికి పోతుంది, ఏం చెప్పానో చెప్పమన్నాను.

కాగితాల చప్పుడు ఆగిపోయింది.

"వినలేదన్నయ్యా," అంది. "మళ్ళీ చెప్పు."

గుండీ ఎలా ఊడిందో మొదటినుంచీ మళ్ళీ చెప్పాను.