లేబులు మీద పెద్దమనిషి

మార్కండేయకు తన మొహం మీద మొదటి నుంచీ గొప్ప నమ్మకమేమీ లేదు. నలభై ఏళ్లుగా వెంట తిరుగుతోంది కాబట్టి అలవాటైంది, అంతే. అలాంటి మొహాన్ని నమ్ముకుని బతుకంతా పందెం కాయవలసి వస్తుందని నిజామాబాదులో ఎవరూ అనుకోలేదు, కట్టుకున్న భార్య గోదావరి కూడా.

పదిహేనేళ్లు అతను బాలనర్సయ్య సేటు బీడీ కార్ఖానాలో మేస్త్రీగా చేశాడు. ఆ రోజుల్లో బీడీ కట్ట అంటే దాని మీది సేటు మొహమే. పేరు చదవగలిగేవాళ్లు ఊరికి నలుగురుంటే ఎక్కువ. మిగిలినవాళ్లు మొహం చూసే కొనేవాళ్లు. బాలనర్సయ్య సేటు ఫోటో దిగినప్పుడు సరిగ్గా రెప్ప వేశాడు, లేబులు మీద కళ్లు మూసుకునే ఉంటాడు. ఆ బీడీ మాత్రం జిల్లా అంతా అమ్ముడుపోయేది. ఒకనాడు ఏదో మాట పట్టింపు వచ్చి మార్కండేయ అందరి ముందూ నోరు జారాడు.

"నిద్రవోయే మొకం ఏసి గిన్ని అమ్ముతున్నరు సేటూ. కండ్లు తెరిసిన మొకం ఏస్తె ఎన్ని అమ్ముతయో నేను సూపెడ్త."

అనడానికేం, అనేశాడు. చేసి చూపడం వేరు. తునికాకు తెచ్చాడు, పొగాకు తెచ్చాడు. వాడకట్టులో పద్నాలుగు మంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడానికి ఒప్పుకున్నారు. బోధన్‌లో కిరాణా దుకాణం లింబయ్య ఒక మెలిక పెట్టి సరేనన్నాడు.

"హోళీ కామదహనం దాక ముంగటి అరల పెడ్త. చెరుకు కొట్టేటోళ్లు అడిగి కొంటె మంచిదే. అడగకుంటె నీ బీడీలు నువ్వు వాపస్ తీస్కపోవాలె."

చక్కెర ఫ్యాక్టరీ లేచిన దగ్గర్నుంచి బోధన్ చుట్టుపక్కల చెరుకు నరికే కాలంలో వేల చేతులు కత్తి పట్టేవి, కత్తి దించగానే బీడీ పట్టేవి. అక్కడ నిలదొక్కుకుంటే నిలదొక్కుకున్నట్టే. లేకపోతే బాలనర్సయ్య సేటు గడప మళ్లీ తొక్కాలి. సేటు తిట్టడు, బాధ అదే. నవ్వి, కూర్చోబెట్టి, చాయ్ తెప్పిస్తాడు.

కాబట్టి ఫోటో. నాందేడ్ నుంచి వచ్చి స్టేషన్ రోడ్డులో స్టూడియో పెట్టుకున్న దేవిదాస్ దగ్గరికి భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. దేవిదాస్ పని తెలిసినవాడు, పని తెలిసినవాడికుండే వాగుడూ ఉంది.

"ఫోటో అంటె ఒక్కటే తీరుగ ఉండది సేఠ్. వకీలుకు చేతుల పుస్తకం పెడ్త. గల్లా యాపారికి కుర్చి జర ఎనుకకు జరుపుత, బొర్ర నిండుగ కనవడాలె. పహిల్వానుకు అంగీ ఇప్పిస్త. వైద్యుడు వస్తె గడ్డం పెరిగినంక రమ్మంట. బీడీకి ఏం గావాల్నో ఇప్పటిదాక ఎవ్వలు అడగలె. నువ్వే చెప్పు."

"ఇజ్జత్ కనవడాలె" అన్నాడు మార్కండేయ.

"అంగీ మీదనే కూసో, ఒళ్లె చాట పెట్టుకొని. అది మంచిగుంటది."

"చాట పెట్టుకుంటె కూలోడు అంటరు. నేనిప్పుడు సేటును."

సేటు అవడానికి కావలసిన సరంజామా మూటగట్టి తెచ్చుకున్నాడు. పక్కింట్లో ఉండే కచేరీ గుమాస్తా దగ్గర ఎరువు తెచ్చిన నల్ల షేర్వానీ భుజాల దగ్గర రెండు వేళ్లు వదులు. వెనక పిన్నీసులు గుచ్చితే ముందు సరిపోయింది. తల మీద రూమీ టోపీ. జేబులోకి వేలాడే గడియారం గొలుసు, దాని చివర గడియారానికి బదులు ఒక గుండీ. మైనంతో మెలితిప్పిన మీసం. ఆ అవతారంతో వచ్చి కుర్చీలో కూర్చోగానే గోదావరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమే, ఎందుకు నవ్వుతున్నవ్?"

"నవ్వుతలేనయ్యా. శిస్తు కట్టుమంటవేమోనని భయమైతున్నది."

మార్కండేయ మొహంలో అప్పటిదాకా బిగించిన ఇజ్జత్ అంతా ఒక్కసారి జారిపోయింది. అతనికి కోపం వచ్చింది. గోదావరిని బయట అరుగు మీద కూర్చోమన్నాడు.

"వైనీ ఉంటెనే మొకం మంచిగున్నది సేఠ్" అన్నాడు దేవిదాస్, గోదావరిని తన మరాఠీలో వదినెను చేసి, నల్లగుడ్డ ఎత్తుతూ. ఆ మాట చెవిన పెట్టేవాడెవడు? మార్కండేయ కనుబొమలు ముడివేసి, గుడ్లురిమి, ఊపిరి బిగబట్టాడు. ఫోటో పడింది.

షోలాపూర్ నుంచి పదివేల లేబుళ్లు అచ్చయి వచ్చాయి. మార్కండేయ ఒకటి తీసి ఎండలో పెట్టి చూసుకున్నాడు, నీడలో పెట్టి చూసుకున్నాడు. బీడీలు చుట్టే వాళ్లలో పెద్దామె వెంకటవ్వ లేబులు కళ్ల దగ్గర పెట్టుకుని, "ఎవలు బిడ్డా గీయన?" అంది. పాపం అవ్వకు చూపు మందగించిందని అతను జాలిపడ్డాడు. చూపు ఎవరికి మందగించిందో తేలడానికి మూడు వారాలు పట్టింది.

మూడు వారాలకు లింబయ్య కబురు పెట్టాడు. మార్కండేయ బోధన్ రైలెక్కి వెళ్లాడు. దుకాణంలో ముందు అరలో కట్టలు పేర్చింది పేర్చినట్టే ఉన్నాయి. ఒక్కో కట్ట మీదినుంచీ తనే తన వైపు గుడ్లురుముతున్నాడు.

"బీడీకి వంక వెట్టేటోడు లేడు" అన్నాడు లింబయ్య. "తాగినోడు మంచిగున్నదనే అంటడు. మల్ల అడుగుమంటె అడగడు. నాకైతె సమజైతలేదు. కామదహనానికి ఇంక నెల దినాలే ఉన్నది, యాది పెట్టుకో."

మార్కండేయ ఎడపల్లి దారి పట్టి చెరుకు తోటల వైపు నడిచాడు. మధ్యాహ్నపు వేళ. గట్టు మీద ఒక చెరుకు కొట్టే మనిషి కూర్చుని రొంటిలోంచి బీడీ కట్ట తీశాడు. మార్కండేయ బీడీనే. ఆ మనిషి ఒక బీడీ లాగి, కట్టను నేల మీద బోర్లా పెట్టాడు. సరిపోలేదనిపించిందేమో, పైన చెరుకాకు కప్పాడు. అదీ చాలక అటు వీపు తిప్పుకుని కూర్చుని అప్పుడు ముట్టించాడు.

మార్కండేయ వెళ్లి పక్కన కూలబడ్డాడు. ఆ మనిషి పేరు నర్సింలు. పేరు, ఊరు అయ్యాక మార్కండేయ మెల్లగా అడిగాడు.

"బీడీ ఎట్లున్నదన్నా?"

"బీడీకేం తక్కువ. సుట్టినోని చెయ్యి మంచిది."

"మరి కట్టను బోర్లేసినవేంది?"

నర్సింలు అతన్ని ఎగాదిగా చూశాడు. "పెద్దమనిషి ముంగట బీడీ తాగుతరానే? నేను మా బాపు ముంగట తాగ. పటేలు ముంగట తాగ. గీయన్ని సూడు, శిస్తు వసూలుకొచ్చిన గిర్దావరు లెక్క గుడ్లురుముతుండు. మొదటి దినం ఎరుకలేక ముట్టిచ్చిన. రెండు దమ్ములు గుంజి సూస్తె ఇటే సూస్తుండు. చేతులనే నలిపేసిన, బొబ్బ లేసింది."

అరచెయ్యి చాపి చూపించాడు. బొబ్బ నిజమే.

"అందుకే మా మందిల ఎవ్వలు కొంటలేరు. గా నిద్రవోయేటాయన బీడీనే నయం. కండ్లు మూసుకొని ఆయన మానాన ఆయన పంటడు, ఎవ్వల జోలికి రాడు."

మార్కండేయ చెరుకాకు కింది కట్ట వైపు చూశాడు. అతనికి తెలియని సంగతా ఇది? మనవళ్లెత్తిన మనిషి కూడా చిన్నాయన ఎదురొస్తే బీడీ వెనక్కి దాస్తాడు. తనే, తండ్రి బతికున్నన్నాళ్లూ ఇంటి గడపలో బీడీ ముట్టించి ఎరగడు. బతుకంతా పెద్దమనుషుల ముందు బీడీ దాచినవాడు, బీడీ మీద పెద్దమనిషిని కూర్చోబెట్టాడు.

"మరి ఎవ్వల ముంగట తాగుతవ్?"

"బావ ముంగట తాగుత. బావకాడ సిగ్గేంది? అగ్గిపెట్టె గూడ ఆయన్నే అడుగుత" అని నర్సింలు నవ్వాడు. "ఇంతకు నువ్వేం పని చేస్తవ్?"

"బీడీలు సుట్టిస్త" అన్నాడు మార్కండేయ. అబద్ధం కాదు.

"గట్లనా. అయితె మీ సేటుకు చెప్పు, జర మొకం అటు తిప్పుకొమ్మని."

ఇంటికొచ్చి గోదావరికి అంతా చెప్పాడు, బొబ్బతో సహా. ఆమె నవ్వుతుందనుకుని తల వంచుకున్నాడు. ఆమె నవ్వలేదు. అన్నం వడ్డించి, "రేపు తెల్లంగి ఉతుకుత. చాట నాది తీస్కపో" అంది.

ఈసారి సొంత అంగీ, తలకు రుమాలు, ఒళ్లో చాట, చేతిలో సగం చుట్టిన బీడీ. అన్నీ కుదిరాయి, మొహం కుదరలేదు. నవ్వమంటే పన్ను సలుపుతున్నవాడిలా ఉన్నాడు. మామూలుగా ఉండమంటే గిర్దావరు తిరిగొస్తున్నాడు. దేవిదాస్ నల్లగుడ్డలోంచి మూడోసారి తల బయటికి తీసి చెమట తుడుచుకున్నాడు.

"అరుగు మీద మా ఇంటామె ఉన్నది" అన్నాడు మార్కండేయ నేల చూపులు చూస్తూ. "జర పిలువుండ్రి."

గోదావరి వచ్చి కెమెరా పక్కన నిలబడింది. పరాయి మగవాడి ముందు ఏం మాట్లాడాలా అని కాసేపు కొంగు సర్దుకుంది. ఆ తర్వాత చేతులు జోడించింది.

"దండం గిర్దావరు సాబ్. శిస్తు తెచ్చిన, తీస్కుంటరా?"

మార్కండేయ మొహం విచ్చుకుంది. కళ్ల కొసలు ముడుతలు పడ్డాయి, మీసం కింద పెదవి ఒక పక్కకు లేచింది. "అట్లనే ఉండు సేఠ్, అట్లనే" అని దేవిదాస్ అరిచి ఫోటో పట్టాడు. లోకంలో ఆమె ఒక్కతె ముందే తనకు ఈ మొహం ఉందని మార్కండేయకు అప్పుడు తెలిసింది. సంతోషమేసింది. మొదటిసారి ఆమెను అరుగు మీద కూర్చోబెట్టినందుకు బాధ కూడా కలిగింది. ఆ మాట దారిలో ఆమెతో అన్నాడు. ఆమె "నడువు నడువు" అంది, అంతే.

కామదహనానికి ఆరు రోజుల ముందు కొత్త లేబుళ్ల కట్టలు లింబయ్య అరకెక్కాయి. మార్కండేయ దుకాణంలోనే ఒక బస్తా మీద కూర్చుండిపోయాడు, ఇంటికి పోవడానికి ధైర్యం చాలక. మొదటి రోజు ఇద్దరు ముగ్గురు కొన్నారు. మూడో రోజు ఎవరో పేరు పెట్టేశారు. కూలీల గుంపు వచ్చినప్పుడల్లా వెనకనుంచి అదే కేక వినబడింది, "బావ బీడీ ఇయ్యి."

అయిదో రోజు సాయంత్రం నర్సింలు వచ్చాడు. కట్ట తీసుకుని లేబులు చూశాడు. బస్తా మీది మనిషిని చూశాడు. మళ్లీ లేబులు చూశాడు.

"గీయన నువ్వే గదా. మరి గా గిర్దావరు ఏమైండు?"

"బదిలైండు" అన్నాడు మార్కండేయ.

నర్సింలు కట్ట విప్పి రెండు బీడీలు లాగాడు. మిగతా కట్టను ఇద్దరి మధ్యా గల్లా పెట్టె మీద మొహం పైకి ఉండేలా పెట్టి, "అగ్గిపెట్టె తియ్యి బావా" అన్నాడు.