చల్లటి ఇంజన్

కొండాపూర్‌ల ఆ అపార్ట్‌మెంట్ సెల్లార్ మూలకు ఐలయ్య పదకొండేండ్ల సంది కార్లు బాగుచేస్తుండు. అదే ఆయన జాగ, అదే ఆయన బువ్వ. ఇప్పుడు ఆ జాగ ఆయనకే ఉంచుడా, కంప్యూటర్లు పెట్టి రిపేరు చేసే కంపెనీకి ఇచ్చుడా, ఆదివారం అపార్ట్‌మెంటోళ్ల మీటింగుల తేలుస్తరట.

సెక్రటరీ భరత్‌ది కడప, సాఫ్ట్‌వేర్ల పెద్ద కొలువు. దారి ఆయనే చూపిండు. "నా కారు పొద్దున్నే ఒకపట్టాన స్టార్ట్ కాదు ఐలయ్యా. స్టార్ట్ అయినా కాసేపు గడగడా వణుకుతుంది. నువ్వు బాగుచెయ్యి, మీటింగులో నేను మాట్లాడతా."

"అది ఇంజన్ చల్లగున్నప్పుడే దొరుకుతది సార్. రాత్రంతా బండి ఆపి పెట్టుండ్రి, తాళం ఎవ్వలు ముట్టొద్దు. ఆరింటికి నేనొస్త. మొదటి స్టార్టు నా ముంగట్నే కావాలె," అన్నడు ఐలయ్య.

ఇందుల సమజ్ కానిదేముంది చెప్పుండ్రి!

గురువారం ఆరింటికి పోతే బండి ఒక్క తిప్పుకే లేచింది. శుక్రవారం గూడ గంతే. "నీ ముందర భలే బుద్ధిగా ఉందే!" అని భరత్ నవ్విండు. శనివారం ఐలయ్యకు అనుమానమొచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టిండు. వేడిగున్నది.

"సార్, ఎవరు స్టార్ట్ చేసిండ్రు?"

"నేనే. ఐదున్నరకు డ్రై రన్ చేసినా. క్లయింటుకు చూపించే ముందు మేం ఒకసారి చూసుకుంటాం కదా, అట్లా. ప్రాబ్లం అప్పుడు వచ్చింది, నువ్వొచ్చేసరికి పోయింది."

ఓరి దేవుడా! ఐలయ్యకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మూడు పొద్దులు మట్టిల కలిసినయి. తిడుదామంటే నోరు రాదు, జాగ ఆయన చేతిల ఉన్నది. భరత్ ఆఫీసు పని మీద పోంగనే పైకి పోయి, ఆయన భార్య భార్గవిని బతిమాలుకున్నడు. "అమ్మా, ఈ ఒక్క రాత్రి తాళం సార్‌కు దొరకకుండ దాచుండ్రి. మీ కాల్మొక్త." ఆమె నవ్వి, రాత్రి తాళం బియ్యం డబ్బాల దాచింది.

ఆదివారం ఆరింటికి తాళం తెచ్చిచ్చింది గూడ ఆమెనే. ఇంజన్ మొండికేసింది, దగ్గింది, లేచి వణుకవట్టింది. ఐలయ్య చెవి దగ్గర పెట్టిండు. సుయ్యిమని గాలి గుంజుతున్న సప్పుడు. వేలంత రబ్బరు పైపు, అడుగున పగిలింది. వేలితోటి మూయంగనే వణుకు ఆగింది. చల్లగుంటే ఆ పగులు తెరుసుకుంటది, వేడెక్కితే మూసుకుంటది. గంతే రోగం! పది నిమిషాలల్ల కొత్త పైపు ఏసిండు. మూడు దినాలకు ఆయన పానం నిమ్మళమైంది.

పదకొండింటికి మీటింగు. ఐలయ్య తలుపు కాడ నిలబడ్డడు. భరత్ మాట తప్పలే, లేచి మాట్లాడిండు.

"ఐలయ్య మంచోడే. కానీ ఒక చిన్న పైపు పట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఇంక మనం కూడా మారాలి కదా."

ఐలయ్య భార్గవి దిక్కు చూసిండు. అంతా ఎరిగిన మనిషి, ఒక్క మాట అంటే చాలు. ఆమె తలొంచుకొని ఫోన్ చూసుకుంట కూసుంది. చేతులు లేచినయి, జాగ పోయింది.

మధ్యాహ్నం ఐలయ్య సామాను సర్దుకుంటుంటే భరత్ వచ్చి కారు తీసిండు. వెంటనే లేచింది, వణుకు లేదు. అద్దం దించి సంబురంగ అన్నడు: "సూపర్ ఐలయ్యా! కొత్తోళ్లకు నీ పేరు చెబుతాలే. హెల్పర్‌గా పెట్టుకుంటారేమో చూద్దాం."

ఆ పైపు పీకి ఆయన మొహాన కొట్టాలనిపించింది ఐలయ్యకు.

"మంచిది సార్," అన్నడు.