నూట పన్నెండు చిరునామాలు

శశికాంత్ పోయిన మూడో రోజు మధ్యాహ్నం విశ్వనాథ్ తమ్ముడి కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ ఎక్కించాడు. దాని పాస్‌వర్డ్ తెలియదు. ఫోన్‌దీ తెలియదు. అమెరికాలో, బెంటన్‌విల్ అనే ఊళ్లోని ఆ చిన్న అపార్ట్‌మెంట్‌ని నెలాఖరుకి ఖాళీ చేసి ఇవ్వాలి. బట్టలు ఒక పెట్టెలో, గిన్నెలు ఇంకో పెట్టెలో సర్దాక బల్ల మీద కంప్యూటర్ ఒక్కటే మిగిలింది. ఎవరికైనా ఇచ్చేద్దామనుకుని, యూఎస్‌బీ గుచ్చి, అది అడిగినవాటన్నిటికీ ‘నెక్స్ట్’ నొక్కుతూ పోయాడు.

కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో విశ్వనాథ్ ఉద్యోగమే డేటాబేస్‌లు చూసుకోవడం. ఇరవై ఏళ్లుగా బ్యాకప్ తీయకుండా దేన్నీ ముట్టుకోని మనిషి. ఆ వేళ ఆ ఆలోచనే రాలేదు.

అన్నదమ్ములు మాట్లాడుకుని ఆరేళ్లయింది. తల్లి పోయినప్పుడు శశికాంత్ కాకినాడ రాలేదు. వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుని తిరిగి రాలేకపోతే ఉద్యోగం ఊడుతుందన్నాడు. “అయితే ఆ ఉద్యోగానికే తలకొరివి పెట్టుకో” అన్నాడు విశ్వనాథ్. అప్పటికే విశ్వనాథ్‌కి గ్రీన్ కార్డ్ ఉంది, ఆ భయం లేదు. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ ఫోన్ చేయలేదు. పెళ్లి చేసుకోని తమ్ముడు యాభై ఒకటో ఏట, మంగళవారం పొద్దున, ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో కుప్పకూలాడు. ఆ కబురు అన్నకి కంపెనీవాళ్ల ద్వారా తెలిసింది.

నాలుగు గంటలకి పక్క అపార్ట్‌మెంట్ రేష్మ అన్నం, టమాటా పప్పు తెచ్చింది. వరంగల్ అమ్మాయి, ముప్పై దాటి ఉంటాయి. విశ్వనాథ్ తిన్నాడు. ఉప్పుందో లేదో తెలియలేదు.

“శనివారం అంత్యక్రియల సంగతి అందరికీ చెప్పిండ్రా సార్?” అంది రేష్మ.

“అందరూ అంటే?”

“శశి అన్న దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నోళ్లు సార్. ఈ ఊళ్లో కారు లేకుంటే పాల ప్యాకెట్ కూడా దొరకదు. కొత్తగా వచ్చినోళ్లకి అన్ననే నేర్పేది. టెస్ట్‌కి ఆయన కారే ఇచ్చి, పక్కన కూసుండేది. నాక్కూడా ఆయనే నేర్పిండు.”

“డబ్బులకా?”

“ఛ, లేదు సార్. ఎన్ని బ్యాచ్‌లో. సగం మంది వేరే ఊళ్లకి పోయిన్రు. నా దగ్గర ఆరేడు నంబర్లే ఉన్నయి. మిగతావన్నీ అన్న కంప్యూటర్‌ల ఉంటయి. పండగలకి అందరికీ మెయిల్ పెడ్తుండె.”

విశ్వనాథ్ బల్ల వైపు చూశాడు. తెర మీద కొత్త నీలం రంగు వెలుగుతోంది.

“ఇప్పుడే విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను” అన్నాడు.

రేష్మ తెర దగ్గరికి వచ్చి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. “డిస్క్ ఫార్మాట్ చేసిండ్రా సార్? లేక దాని మీదనే ఎక్కించిండ్రా?”

ఆయనకి గుర్తులేదు. కంప్యూటర్ ముందు కూర్చుని డిస్క్ తెరిచాడు. ‘విండోస్ ఓల్డ్’ అన్న ఫోల్డర్ అలాగే ఉంది. కొత్తది ఎక్కేటప్పుడు పాత సరుకంతా అందులోకి తోసేస్తుంది. కొన్నాళ్లుంచి, తర్వాత దానంతట అదే చెరిపేస్తుంది. రోజూ చేసే పనిలాగే చేతులు కదిలాయి. పాతదాంట్లో తమ్ముడి పేరు, ఆ లోపల దాచిన ఫోల్డర్లు, మెయిల్ ప్రోగ్రామ్ తాలూకు ఫైళ్లు. అదే ప్రోగ్రామ్‌ని మళ్లీ దింపి, ఆ ఫైళ్లన్నీ దాని చోటికి కాపీ చేశాడు. తెరవగానే శశికాంత్ ఇన్‌బాక్స్ పాస్‌వర్డ్ అడక్కుండానే ముందుకొచ్చింది. పక్కన అడ్రస్ బుక్. నూట పన్నెండు పేర్లు.

పేర్ల కింద శశికాంత్ ఏవో రాసుకున్నాడు. ‘హర్షవర్ధన్ – పారలల్ పార్కింగ్ అంటే భయం.’ ‘అనిక – రెండోసారికి పాస్.’ ‘రేష్మ – ఎడమకి తిరిగేటప్పుడు అద్దం చూడదు.’

“ఇప్పుడు చూస్తున్న కదన్నా” అంది రేష్మ తెరతో. చున్నీతో మొహం తుడుచుకుంది. విశ్వనాథ్ ఆమెకి టిష్యూ డబ్బా అందించాడు. ఆ అమ్మాయి ఏడుస్తోందని తెలుస్తోంది. తను కూడా ఏడవాలేమోననిపించింది, అంతే.

అందరినీ ఒకేసారి సెలెక్ట్ చేసి నాలుగు ముక్కలు రాశాడు. శశికాంత్ మంగళవారం చనిపోయాడు. శనివారం పదింటికి అంత్యక్రియలు. ఫ్యూనరల్ హోమ్ అడ్రస్. ఇట్లు, అన్న విశ్వనాథ్. సెండ్ నొక్కాడు.

చొక్కా జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు.

“ఎవరు సార్?”

“శశి” అన్నాడు విశ్వనాథ్. రేష్మకి అర్థం కాలేదు. ఆయన ఫోన్ ఆమెకి చూపించాడు. కొత్త మెయిల్, పంపినవాళ్ల దగ్గర తమ్ముడి పేరు, పక్కనే ఇప్పటి టైము. “లిస్ట్‌లో నేను కూడా ఉన్నాను.”

అడ్రస్ బుక్‌లో పైకి వెళ్లి వెతికాడు. ‘అన్నయ్య’ అని ఉంది. ఇంటి అడ్రస్, మెయిల్, ఫోన్ నంబర్. ఆ నంబర్‌కి ఆయన మారి రెండేళ్లే అయింది. తమ్ముడికి తనైతే ఇవ్వలేదు. ఎవరినో అడిగి తీసుకుని, పాతది కొట్టేసి రాసుకున్నాడన్నమాట.

విశ్వనాథ్ లేచి, తిన్న గిన్నెలు కడిగాడు. కడిగినవే మళ్లీ ఒకసారి కడిగాడు.

శనివారం ముప్పై ఒక్క మంది వచ్చారు. హర్షవర్ధన్ అనే కుర్రాడు డాలస్ నుంచి ఐదు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చి, “అన్న కారులోనే లైసెన్స్ తెచ్చుకున్నాను సార్” అని ఆయన చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మంత్రాలయ్యాక లోపలికి తీసుకెళ్లి దహన యంత్రం బటన్ చూపించారు. విశ్వనాథ్ నొక్కాడు. చల్లగా ఉంది బటన్. అంతకుమించి చేతికేమీ తెలియలేదు.

ఆదివారం ఎయిర్‌పోర్ట్‌లో ఉండగా భార్య అనంతలక్ష్మి ఫోన్ చేసింది.

“ఎలా ఉన్నారు?”

“బానే ఉన్నాను.”

“ఏడ్చారా?”

“లేదు లక్ష్మీ. రావట్లేదు.”

“రాకపోతే పోనీండి. ఏం చేస్తున్నారు?”

“పదకొండు మెయిళ్లు తిరిగొచ్చేశాయి. వాళ్లు చిరునామా మార్చుకున్నట్టున్నారు. నలుగురివి హర్షవర్ధన్ ఇచ్చాడు. మిగతావాళ్లకి ఇంకా తెలియదు.”

“ఇంటికొచ్చాక చూసుకోవచ్చుగా?”

“చూసుకోవచ్చు” అన్నాడు విశ్వనాథ్. ఫోన్ పెట్టేసి, విమానం ఎక్కమని పిలిచేదాకా మిగిలిన ఆ ఏడుగురి పేర్లూ నెట్‌లో ఒక్కొక్కటే వెతుకుతూ కూర్చున్నాడు.