శలాక మాట మీద

కొల్హాపూర్‌లో తోలు చెప్పులకు కొత్త అడుగు వేయించాలన్నా, బాలింతకు నూనె రాసి నీళ్లు పోసే మనిషి కావాలన్నా, బయటూరి చుట్టాలు దిగితే ఆదివారం ఎక్కడికి తీసుకెళ్లాలో తోచకపోయినా, జనం ముందు ఫోన్‌లో శలాక పేజీ తెరిచి చూసేవాళ్లు. ‘మన ఊళ్లో మేలైనవి’ అని దాని పేరు. ఒకప్పుడు శలాక ఇంగవలే మంగళవార్ పేఠ్‌లోని ఒక చిన్న మెస్సులో దొరికే ఎర్ర రస్సా అనే కారం పులుసు గురించి సరదాగా నాలుగు మాటలు రాసింది. అవి చదివి జనం ఆ మెస్సు ముందు బారులు తీరారు. ఆ తర్వాత పిండి మాడకుండా పట్టే మర, పెళ్లి జాకెట్టు అన్న రోజుకు కుట్టి ఇచ్చే దర్జీ, పన్హాళా కోట మీద వానాకాలం మబ్బులు చేతికందే మూల, ఇలా ఒక్కొక్కటే చేరాయి. పోనుపోను, ఆ పేజీ చూడకుండా ఏ పనీ మొదలుపెట్టని ఇళ్లు ఊళ్లో చాలా తయారయ్యాయి.

జనం అంతగా నమ్మడానికి కారణం ఉంది. తను వెళ్లి చూడని చోటు గురించి శలాక రాయదు. ఎవరి కొట్లోనూ కప్పు టీ కూడా ఊరికే తాగదు. ఒకసారి ఒక మిఠాయి కొట్టాయన ఇంటికి పేడాల డబ్బా పంపించాడు. ఆమె చూసేసరికే భర్త హేమంత్ ఒకటి నోట్లో వేసుకున్నాడు. శలాక డబ్బా తిప్పి పంపింది, ఆ ఒక్క పేడాకూ డబ్బు కట్టింది. ఆ సంగతి ఊరంతా చెప్పుకుని నవ్వుకుంది. నవ్వుకున్నా, నమ్మకం మాత్రం ఇంకా పెరిగింది.

శలాకకు ఒక్కడే తమ్ముడు, సంగ్రామ్. అక్కను తాయీ అని పిలుస్తాడు. చదువుకునే రోజుల్లో ఈతలో రాష్ట్రస్థాయి పతకాలు తెచ్చాడు గానీ, ఆ తర్వాత ఏ పనిలోనూ కుదురుకోలేకపోయాడు. ఫోన్ల కొట్టు పెట్టి మూసేశాడు. కారు తిప్పి అమ్మేశాడు. చివరికి కళంబా వైపు పాడుబడి ఉన్న ఒక ఈతకొలనును కౌలుకు తీసుకుని, బాగుచేయించి, వేసవిలో పిల్లలకు ఈత నేర్పడం మొదలుపెట్టాడు. మొదటి వేసవిలో శలాక రోజూ వెళ్లి గట్టున కూర్చుని చూసింది. గుప్పెడు మంది పిల్లలు. సంగ్రామ్ వాళ్లతోపాటే నీళ్లలో ఉండేవాడు. ఒక్కొక్కరి పొట్ట కింద చెయ్యి పెట్టి, భయం వదిలేదాకా ఆ చెయ్యి తీసేవాడు కాదు. వాడు ఇన్నేళ్లూ వెతుక్కున్న పని ఇదేనని శలాకకు అనిపించింది. అతను తన తమ్ముడేనని ముందే చెప్పి మరీ పేజీలో రాసింది. పిల్లలకు ఈత నేర్పించడానికి ఊళ్లో ఇంతకన్నా మంచి చోటు లేదు, నిశ్చింతగా వదిలి రావచ్చు అని. ఎవరూ తప్పుపట్టలేదు.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో సంగ్రామ్ ఫోన్ చేసి, మళ్లీ ఒకసారి రాయమన్నాడు. అప్పుడు వాళ్ల ఆయికి, అంటే అమ్మకు, కంటి ఆపరేషన్. ఆవిడ ఉండేది శలాక ఇంట్లోనే. కంట్లో చుక్కల మందు వేయడం, ఆస్పత్రికి తిప్పడం, వచ్చేపోయే చుట్టాలు, వీటితో శలాకకు తీరిక చిక్కలేదు. వెళ్లి చూడాలనుకుంది. వెళ్లలేదు. పోయినేటి మాటలనే మళ్లీ పైకి పెట్టేసింది.

మే నెలలో ఒక ఉదయం ఆ మాటల కింద సాయలీ అనే ఆవిడ రాసిన కామెంట్ కనబడింది. సాయలీ బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడికో చెప్పే ఉద్యోగం చేస్తుంది. ఆమె కూతురు స్వరా, రెండో తరగతి పిల్ల. సెలవుల్లో ఇంట్లో ఒక్కతే ఉండలేదని ఈతకు చేర్చింది. ప్రమాదం జరిగిన రోజు సంగ్రామ్ గేటు దగ్గర కొత్తగా వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటున్నాడు. పిల్లల్లో ఎవరో తోస్తే స్వరా లోతు వైపుకు జారిపోయింది. అక్కడ అడ్డుతాడు తెగి ఉంది. తన మానాన తాను ఈదుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన నీళ్ల అడుగున పిల్ల బట్టల రంగు కనబడితే మునిగి పైకి తెచ్చాడు. పిల్ల ఆస్పత్రిలో ఊపిరి తీసుకోవడానికి నానా అవస్థా పడింది. ఇదంతా రాసి, చివర సాయలీ ఒక మాట అంది: “మీరు నిశ్చింతగా వదిలి రావచ్చన్నారు. నేను నిశ్చింతగా డ్యూటీకి వెళ్లాను.”

శలాక అది చదువుతుండగానే సంగ్రామ్ ఫోన్ వచ్చింది.

“తాయీ, ఆ కామెంటు కనబడకుండా చెయ్యి. రెండు రోజులు చాలు. పాప ఇంటికొచ్చేసింది, బాగానే ఉంది. కాసిని నీళ్లు మింగింది, అంతే. జనం చూశారంటే నా పని అయిపోయినట్టే.”

పక్క మంచం మీద నల్లకళ్లజోడు పెట్టుకుని కూర్చున్న ఆయి కూడా వింది. ఫోన్లో ఉండే ముక్కూమొహం తెలీనివాళ్లు తోడబుట్టినవాడి కన్నా ఎక్కువా అని గొణిగింది. శలాక కామెంటును దాచేసింది. రెండు రోజులేగా, ఈలోగా వాడితో మాట్లాడి సరిచేయిద్దాం అనుకుంది. 

మర్నాడు సాయంత్రం సాయలీ ఇంటికే వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, భుజాన సంచీ, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా. శలాక కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్లు ఇస్తే అందుకోలేదు. గొడవకు వచ్చిందేమోనని హేమంత్ లోపలి గదిలోంచి తొంగిచూశాడు. ఆమె గొంతు పెంచనే లేదు. రోజంతా మైకులో ఊళ్ల పేర్లు చెప్పీ చెప్పీ అలవాటైన గొంతు, ఎత్తూ పల్లం లేకుండా వచ్చింది.

“తాయీ, ఎందుకు తీసేశారని అడగడానికి రాలేదు. ఆయన మీ తమ్ముడు, తెలుసు నాకు. చదివాక తీశారా, చదవకుండానే తీశారా? ఆ ఒక్కటీ తెలుసుకుందామని వచ్చా.”

శలాకకు అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

“చదివాకే,” అంది.

సాయలీ తల ఊపింది. పాపకు స్నానం చేయించాలన్నా భయంగా ఉంటోందని, చెంబుతో నీళ్లు తల మీద పడితే చాలు కెవ్వుమంటోందని చెప్పింది. అదేదో పక్కింటివాళ్లకు చెప్పుకున్నట్టే చెప్పి, చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మరుసటి ఉదయం శలాక స్కూటరు తీసి కళంబాకు వెళ్లింది. రోడ్డు మలుపు నుంచే పిల్లల కేకలు వినబడ్డాయి. గట్టు నిండా తువ్వాళ్లు, సంచులు, చెప్పులు. నీళ్లలో ఎక్కడ చూసినా తలలే. సంగ్రామ్ నీళ్లలో లేడు. పొడి బట్టలతో గట్టున నిలబడి, మెళ్లో ఈల, చెవి దగ్గర ఫోన్. తెగిన తాడును ముడేసి కట్టారు గానీ అది సగం దూరమే వెళ్లి నీళ్లలో వేలాడుతోంది. పోయినేడు తను చూసిన చోటు ఇదేనా అనుకుంది శలాక.

తమ్ముడిని ఒక పక్కకు పిలిచింది. వారం రోజులు మూసెయ్యమంది. తాడు కొత్తది వేయించి, పిల్లల్ని తగ్గించి, నీళ్లలో దిగి చూసుకునే మనిషిని ఇంకొకర్ని పెట్టుకుని, అప్పుడు తెరవమంది. సంగ్రామ్ ఓపిగ్గానే విన్నాడు.

“సెలవులు అయిపోయాక ఎవరొస్తారు తాయీ? అయినా వీళ్లంతా ఎవరి మాట మీద వచ్చారనుకున్నావు? నీ మాట చూసి వచ్చినవాళ్లే. నువ్వే పంపించి ఇప్పుడు నువ్వే వద్దంటే ఎలా?”

“అందుకే చెప్తున్నాన్రా. నా మాట మీద వచ్చారు కాబట్టే.”

“ఈ ఒక్క నెలా ఊరుకో. వచ్చే ఏడు నువ్వు చెప్పినట్టే చేస్తా.”

అంతలో ఎవరో తండ్రి ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. సంగ్రామ్ నవ్వుతూ అటు నడిచాడు.

ఇంటికి రాగానే శలాక ఫోన్ తీసింది. సాయలీ కామెంటును బయటికి తీసి అందరికీ కనబడేలా అన్నిటికన్నా పైన పెట్టింది. దాని కింద పెట్టడానికి తన మాటలు రాసుకుంది. పోయినేడు తను చూసి రాసిన మాట నిజమేనని, ఈ ఏడు చూడకుండానే రాశానని, ఈ తల్లి చెప్పిన సంగతిని చదివి కూడా దాచానని, ఇవాళ కళ్లారా చూసి వచ్చానని, అక్కడ తాడూ మనుషులూ సరిగ్గా అమిరేదాకా పిల్లల్ని పంపవద్దని. హేమంత్ చదివి, ఇది బయటికి వెళ్లే ముందు ఆయికి చెప్పడం మంచిదన్నాడు. శలాక వెళ్లి ఆయి పక్కన కూర్చుని అంతా చదివి వినిపించి, అక్కడే పేజీలో పెట్టేసింది.  ఆయి లేచి తడుముకుంటూ అలమర దగ్గరికి వెళ్లి, చీరలు ఒక్కొక్కటే సంచిలో పెట్టుకోసాగింది. సాయంత్రానికి సంగ్రామ్ భార్య ఋతుజ ఆటోలో వచ్చి ఆవిడను తీసుకెళ్లింది. గుమ్మం దగ్గర శలాక కంటి మందు చేతికిస్తే, ఋతుజ మొహం చూడకుండానే అందుకుంది.

ఆ తర్వాత జరగాల్సినవి గబగబా జరిగిపోయాయి. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. కొలను సొంతదారు కౌలు రద్దు చేసుకుని తాళం వేసుకున్నాడు. పేజీలో కొందరు శలాకను మెచ్చుకున్నారు. తమ్ముడి కూట్లో మన్ను పోసిన మనిషి అని కొందరు తిట్టారు. కొలను అంత నిండిపోయేదాకా ఎక్కడికి వెళ్లావని ఒకాయన అడిగాడు. అన్నిటికన్నా ఎక్కువమంది రాసింది వేరే. అయితే ఇప్పుడు పిల్లల్ని ఎక్కడ చేర్చమంటారు, రెండో మంచి చోటేదో చెప్పండి అని. శలాక ఎవరికీ జవాబు ఇవ్వలేదు.  సాయలీకి రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. బజారుకు వెళ్తే కొట్లవాళ్లు కొందరు మునుపటిలా పలకరించకుండా, ఈవిడ ఏం చూడ్డానికి వచ్చిందోనన్నట్టు సర్దుకుని నిలబడుతున్నారు.

జూలైలో వానలు పట్టుకున్నాయి. పంచగంగ గట్లు దాటిందని, కింది పేటల్లోకి నీళ్లొస్తున్నాయని అనుకుంటున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం సంగ్రామ్ వచ్చాడు. ఆయి కంటి కాగితాలు ఇక్కడే ఉండిపోయాయట, డాక్టరు అడిగాడట. వానకోటు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. ఎవరిదో సిమెంటు గోదాములో లెక్క చూసే పనికి వెళ్తున్నాడని శలాక వాళ్లనోటా వీళ్లనోటా వింది. కాగితాలు తెచ్చి ఇచ్చింది. వాడు కవరు లోపలి జేబులో పెట్టుకున్నాడు గానీ కదల్లేదు.

“నాకో మాట ముందు చెప్పి ఉండాల్సింది,” అన్నాడు.

“చెప్పాను కదరా. గట్టున నిలబడి చెప్పాను.”

“అక్కవి, ఏదో కంగారుపడి చెప్తున్నావనుకున్నా.” నేల చూస్తూ అడిగాడు: “ఆ పాప ఎలా ఉందో తెలుసా?”

జరిగిన తర్వాత వాడు ఆ పిల్ల గురించి అడగడం అదే మొదలు. తెలీదనీ, వాళ్లమ్మ తనతో మాట్లాడదనీ శలాక చెప్పింది. ఇల్లెక్కడని అడిగాడు. రాజారాంపురిలో ఫలానా సందు అని చెప్పింది. వాడు సరేనని కూడా అనలేదు. వానలోనే బండి తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆయి ఫోన్ చేసింది. ఇల్లు వదిలి వెళ్లాక తనంతట తాను చేయడం అదే. సంగ్రామ్ సాయలీ వాళ్ల ఇంటికి వెళ్లాడట. ఆవిడ కటకటాల తలుపు తీయలేదట. బయట మెట్ల మీదే నిలబడి, తప్పు నాదేనమ్మా, ఆ రోజు నేను నీళ్లలో ఉండాల్సినవాణ్ని అని చెప్పాడట. ఆవిడ విని, విన్నానండి అని మాత్రం అందట. పిల్ల వాళ్లమ్మ వెనక నుంచి తొంగిచూసిందట.

“ఇంకేమన్నాడు?” అని శలాక అడిగింది.

“ఏమంటాడు. వచ్చి అన్నం పెట్టమన్నాడు. సగం తిని లేచాడు.”  తన కన్ను ఇప్పుడు బాగానే కనబడుతోందని చెప్పింది. ఇంటికి ఎప్పుడొస్తావని శలాక అడిగితే, ఇప్పుడు కాదులే, ఇప్పుడు వీడి దగ్గరే ఉండాలి అని ఫోన్ పెట్టేసింది.